పౌడరు మీద గీత

మా ఆయన వ్యానుకి కొత్త టర్బో బిగించింది మా నాన్న. బిగించిన కొన్నాళ్ళకే ఆ వ్యాను కూలెంటు తాగడం మొదలుపెట్టింది.

టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలి ఊది బలం పెంచేది. కూలెంటు అంటే ఇంజిన్ కాగిపోకుండా పోసే నీళ్ళు. లేత రోజా రంగులో ఉంటాయి. పొద్దున్నే డబ్బా మీది గీత దాకా పోసి పంపితే, కొండ మీది దుకాణాలన్నిటికీ రొట్టెలు దించి మా ఆయన తిరిగొచ్చేసరికి సగానికి దిగిపోయేవి. బండి కింద అట్టముక్క పరిచి చూశాను. ఒక్క చుక్క పడలేదు. అట్ట వేసింది వేసినట్టే ఉంది.

"అన్ని నీళ్ళు ఎటు పోతున్నాయండీ?" అన్నాను.

"నువ్వే కన్నీళ్ళకింద వాడేస్తున్నావేమో. పాపకి రెండు తుమ్ములొస్తే చాలు, కొళాయి తిప్పుతావుగా" అన్నారు మా ఆయన.

ఆయనకి అన్నీ వేళాకోళమే. నాకేమో పాప పుట్టినప్పట్నుంచీ ప్రతిదీ భయమే. పాపని ఒళ్ళో పెట్టుకుని ఆ వ్యానులో కూర్చుంటే నేను దారి చూసేదాన్ని కాదు, వేడి చూపించే ముల్లు వంక చూసేదాన్ని. ఎక్కుడు దారిలో ఆ ముల్లు మెల్లగా ఎర్ర గీత వైపు జరుగుతుంటే నా గుండె కూడా దానితో పాటే పైకొచ్చేది. అయినా ఈ మాట షెడ్డులో చెప్పడానికి నాకూ మా ఆయనకీ ఇద్దరికీ నోరు రాలేదు. ఎందుకంటే ఆ టర్బో వెనక ఒక పందెం ఉంది.

షెడ్డు నాన్నది. బజారులో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. ఇంజిన్ ఆడుతుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఫలానా చోట బేరింగు పోయిందని చెప్పేవాడు. అమ్మకి జబ్బు చేసిన ఏడు నేను బడి మానేశాను. ఇంట్లో పని కాగానే షెడ్డుకి వెళ్ళి నాన్నకి పానాలు అందించేదాన్ని. అప్పుడు మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. పానా తన మోకాలి కిందో, బానెట్ అంచు మీదో పెట్టుకుని, "అయ్యో, పోయిందే! ఎక్కడుందే అమ్మడూ, నాకు కనబడ్డం లేదే" అనేవాడు. నేను వెతికి చూపిస్తే, "నీ కళ్ళు బంగారం కానూ" అని మసి చేత్తోనే నా ముక్కు పట్టుకునేవాడు. అమ్మ పోయాక బడికి మళ్ళీ వెళ్ళడం ఎటూ కుదర్లేదు గానీ, ఆ ఆట మాత్రం నాకు పెళ్ళయ్యేదాకా సాగింది.

ఇప్పుడు షెడ్డు చూసుకునేది మా అన్నయ్య. ఈ మధ్య నాన్న చేసిన పనులు తిరిగి రావడం మొదలైంది. ఒక లారీకి బోల్టు మర తప్పి ఎక్కించాడు. ఇంకో కారుకి ఆయిలు గొట్టం తిరగేసి బిగించాడు. అన్నయ్య తిరిగి చేసిపెట్టేవాడు గానీ ఒకరోజు గిరాకీ ముందరే అరిచేశాడు.

"ఇంక నువ్వు ఇంజిను మీద చెయ్యి వెయ్యకు నాన్నా. టైర్లు చూడు, గాలి కొట్టు, లేదంటే హాయిగా కుర్చీలో కూర్చో."

"గాలి కొట్టాలా? నేనా? నీకు పానా పట్టుకోవడం నేర్పింది ఎవడ్రా?"

"నువ్వే. అందుకే చెబుతున్నా. నేర్పినవాడు ఇలా చెయ్యడు."

ఆ మాటకి నాన్న ముఖం కందగడ్డలా అయింది. సరిగ్గా ఆ వారంలోనే మా వ్యాను టర్బో పోయింది. ఈల వేస్తూ నల్లటి పొగ కక్కుతూ, ఎక్కుడులో చీమలా పాకేది. కొత్తది కొనుక్కుని షెడ్డుకి తీసుకెళ్ళిన మా ఆయన, అన్నయ్యకి ఇవ్వకుండా ఆ పెట్టె తిన్నగా నాన్న చేతిలో పెట్టారు.

"మీరే వెయ్యాలి మామయ్యా. ఇంకొకళ్ళ చెయ్యి పడితే నా బండి అలుగుతుంది."

అన్నయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "సరే బావా, నీ బండి, నీ ఇష్టం. నాన్నా, అల్లుడి ముందరే చెబుతున్నా. ఈ బండి నిలబడితే నేనింక జన్మలో నోరెత్తను, షెడ్డులో ఏ ఇంజినైనా నీదే. నిలబడలేదో, పానాలు పక్కన పెట్టెయ్యాలి."

"పెట్టేస్తా. మాటంటే మాటే" అన్నాడు నాన్న.

అందుకే డబ్బా ఖాళీ అవుతున్నా మేమిద్దరం కిక్కురుమనకుండా ఊరుకున్నాం. పోస్తూ, పోస్తూ, మూత బిగిస్తూ. కానీ ఒకరోజు కొండ మీద ముల్లు ఎర్ర గీతని తాకేసింది. చల్లగాలిలో నిలబడి ఇంజిను చల్లారేదాకా ఆగి వచ్చానని మా ఆయన చెప్పారు. మర్నాడు పాపని చంకనేసుకుని నేనూ షెడ్డుకి బయల్దేరాను.

అన్నయ్య ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. నాన్న ఎదురొచ్చి పాప కోసం చేతులు చాపాడు.

"వచ్చిందీ నా బుల్లి గిరాకీ! తెల్ల గౌను వేసుకుని మసి షెడ్డుకి ఎవరైనా వస్తారటే?"

"తెల్లది కాదు నాన్నా, రోజా రంగు."

"ఏదో ఒకటిలే. బయటికెళ్ళేటప్పటికి నల్లదే."

అందరం నవ్వాం. మా ఆయన గొంతు తగ్గించి కూలెంటు సంగతి చెప్పారు. నాన్న జీపు వైపు ఒకసారి తిరిగి చూసి, "టర్బోకేం కాదు. గొట్టాలు విప్పినప్పుడు లోపల గాలి చేరుంటుంది. అది తీసేస్తే సరి" అన్నాడు.

బండి ముందు చక్రాలు ఏటవాలు దిమ్మె మీదికి ఎక్కించి, మూత తీసి, ఇంజిను ఆడించాడు. లోపల హీటరు మొత్తం తిప్పమన్నాడు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి చూస్తే చల్లగాలి వస్తోంది.

"చూశావా, వేడి నీళ్ళు అక్కడిదాకా పోవట్లేదు. గాలి అడ్డుపడింది" అన్నాడు నాన్న. పైగొట్టాన్ని ఆవు పొదుగు పిండినట్టు పిండుతుంటే డబ్బాలో గుడగుడమని బుడగలు లేచాయి. కాసేపటికి బుడగలు ఆగాయి, హీటరు వెచ్చబడింది. నాన్న ఛాతీ ఒక బెత్తెడు పొంగింది. జీపు కింద నుంచి అన్నయ్య కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళకి వినబడేలా, "గాలి అంతే. గాలి ఎవరి బండిలోనైనా చేరుతుంది" అన్నాడు.

కానీ అంతటితో తీరలేదు. వారం తిరక్కుండా మళ్ళీ డబ్బా సగమైంది. మళ్ళీ వెళ్ళాం. ఈసారి అన్నయ్య కూడా బయటికొచ్చి, చేతులు కట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. నోరెత్తలేదు. ఎత్తితే బాగుండేదేమో.

నాన్న ఒక్కొక్కటే చూశాడు. డబ్బా మూత రబ్బరు బాగుంది. గొట్టాలన్నీ వేళ్ళతో తడిమాడు, మెత్తబడలేదు. ఆయిలు మూత తిప్పి లోపలి వైపు నన్ను చూడమన్నాడు.

"పాలు కలిపిన టీలాగా నురగ ఉందా అమ్మడూ?"

"లేదు నాన్నా. నల్లగానే ఉంది."

"వెనక పొగ తెల్లగా వస్తోందా అల్లుడూ?"

"లేదు మామయ్యా."

"అయితే హెడ్డు గాస్కెట్టు గట్టిగానే ఉంది. నీళ్ళు లోపలికి పోవట్లేదు." పెద్ద గండం తప్పినట్టు ఊపిరి వదిలాడు. అన్నీ మమ్మల్నే చూడమంటున్నాడేమిటని అప్పుడు నాకు తట్టలేదు. పని నేర్పుతున్నాడనుకున్నాను. ఎప్పుడూ అలాగే నేర్పేవాడు మరి.

ఇంజిను బాగా వేడెక్కాక నాన్న బానెట్ కింద ముఖం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఒక్కసారి ఆగిపోయాడు.

"తియ్యటి వాసన వస్తోంది."

మా ఆయన వంగి, "అవును మామయ్యా, బెల్లం మాడినట్టు" అన్నారు.

"కూలెంటు కాలుతోంది. టర్బో దగ్గరే ఎక్కడో కారుతోంది. నిప్పులాంటి దాని మీద పడగానే ఆవిరైపోతోంది. అందుకే కింద చుక్క పడట్లేదు."

టర్బో దగ్గరే అన్న మాట నోట్లోంచి వచ్చాక గానీ దాని అర్థం ఆయనకి తగల్లేదనుకుంటాను. అక్కడ ఉన్న ప్రతి బోల్టూ ఆయన బిగించిందే. కాసేపు తుడుపు గుడ్డని అటూ ఇటూ మడిచి, "చల్లారనీ. పాప పౌడరు ఉందా నీ సంచిలో?" అన్నాడు.

పౌడరు డబ్బా ఇచ్చాను. ఇది నాన్న పాత పద్ధతే. ఇంజిను చల్లారాక టర్బో చుట్టూ పొడిగా తుడిచి, బోల్టుల మీద, గొట్టాల మీద పౌడరు చల్లాడు. నల్లటి ఇనుమంతా స్నానం చేయించిన పసిపిల్లలా తెల్లబడి, షెడ్డంతా పాప వాసన వేసింది. పాప తన డబ్బా తనకి కావాలని నా జుట్టు పీకింది.

"నీ పౌడరు తాతకి అప్పిచ్చావనుకో బంగారూ. ఎక్కడ తడి కారితే అక్కడ గీత పడుతుంది. దొంగ ఇట్టే దొరుకుతాడు" అన్నాడు నాన్న.

మళ్ళీ ఇంజిను ఆడించారు. తడి ఆవిరైపోకుండా కొంచెం వేడెక్కనిచ్చారంతే. నాన్న టార్చి వేసి వంగి చూశాడు. తల కుడికి వంచి, ఎడమకి వంచి, కోడి గింజని చూసినట్టు చూశాడు. టార్చి వెలుగు, చూపుడువేలు బోల్టు తల దగ్గరే ఆగాయి.

"పొడిగా ఉంది" అన్నాడు. ఆ గొంతులో ఎంత ఊరటో. "ఎక్కడా బొట్టు లేదు. రారా, నువ్వే చూసుకో" అని అన్నయ్యని పిలిచాడు.

పాపని ఎత్తుకుని పక్కనే నిలబడ్డ నాకు కనిపిస్తూనే ఉంది. టర్బో నడుము దగ్గర గొట్టం కలిసే బోల్టు కింద నుంచి, తెల్లటి పౌడరు మీద సన్నటి రోజా గీత దిగుతోంది. నాన్న చూపుడువేలికి సరిగ్గా కింద.

నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళకి మళ్ళీ ఆ ఆట ఆడుతున్నాడనుకున్నాను. పాప ముందు, అల్లుడి ముందు, నా చేత చెప్పించి, నీ కళ్ళు బంగారం కానూ అంటాడనుకున్నాను.

"చాల్లే నాన్నా నీ ఆటలు! నీ వేలి కిందే ఉందిగా!" అన్నాను, షెడ్డంతా వినబడేలా.

"ఎక్కడ?" అన్నాడు నాన్న.

ఆ మాటలో ఆట లేదు.

నా నవ్వు నోట్లోనే ఉండిపోయింది. మా ఆయన గబుక్కున వంగి చూసి తల దించుకున్నారు. నాన్న వేలు పౌడరు మీద అటూ ఇటూ తిరిగి గీతని సగం చెరిపేసింది. తడి తగిలింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఆఁ" అన్నాడు. "ఉంది."

అన్నయ్య అప్పటికే దగ్గరికొచ్చాడు. ఇంజిను ఆపి, చల్లారేదాకా నిలబడి, ఆ బోల్టు విప్పాడు. గొట్టం చివర కన్నం ఉన్న కడియంలా ఉంటుంది. బోల్టు అందులోంచి దూరి టర్బోలోకి పోతుంది. కడియానికి పైనొకటి, కిందొకటి రాగి వాషర్లు పడాలి. అన్నయ్య చేతిలోకి వచ్చిన బోల్టుకి రెండు వాషర్లూ పైవైపే ఉన్నాయి, ఒకదానికొకటి అతుక్కుని. కిందవైపు ఏమీ లేదు. వేలితో తడిమితే ఒకే మందపాటి వాషరులా ఉంటాయి. కంటితో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

అన్నయ్య గుప్పిట మూసేశాడు.

"వాషరు మంచిది కాదు నాన్నా. ఆ పెట్టెలో వచ్చినవన్నీ రేకు సరుకే. ఎవరు వేసినా కారేదే."

మా ఆయన అందుకున్నారు. "అదే, నాకు ముందే అనుమానం. ఆ కొట్టువాడి ముఖమే అలా ఉంది."

నాన్న అరచెయ్యి చాపాడు. "ఇలా ఇయ్యి."

"పారేశా నాన్నా."

"ఇయ్యరా."

అన్నయ్య ఇవ్వక తప్పలేదు. నాన్న వాటిని బొటనవేలితో రుద్ది, అంచున గోరు దూర్చి నొక్కాడు. రెండూ చిటుక్కున విడిపోయాయి. అరచేతిలో రెండు రాగి చక్రాలు. వాటి వంక కాకుండా వాటి మీదుగా ఎటో చూస్తూ అడిగాడు.

"రెండూ ఒకే వైపున్నాయా?"

అన్నయ్య విప్పిన బోల్టుని తుడుస్తున్నాడు.

"నిన్నేరా అడిగేది."

"ఆఁ" అన్నాడు అన్నయ్య. వెంటనే, "అయితే ఏమైంది? పందెం లేదు, గిందెం లేదు. కోపంలో ఏదో వాగాను. నువ్వే బిగించు, నేను టార్చి పట్టుకుంటా" అన్నాడు. పందెం కట్టింది వాడే. ఇప్పుడు బతిమాలుతోందీ వాడే.

"టార్చి పట్టుకుంటే సరిపోతుందనుకుంటే నేనే పట్టుకుందునుగా" అన్నాడు నాన్న. తుడుపు గుడ్డతో ఒక్కో వేలూ శుభ్రంగా తుడుచుకుని, తన పానాల సంచి అన్నయ్య వైపు కాలితో నెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

అన్నయ్య కొత్త వాషర్లు వేసి బిగిస్తుంటే కుర్చీలోంచే వింటూ, "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు, తెగుతుంది" అన్నాడు. పానా గొంతుని బట్టి చెప్పాడు. అన్నయ్య సరిగ్గా అక్కడే ఆపాడు.

నాన్నని కళ్ళ డాక్టరు దగ్గరికి నేనూ అన్నయ్యా తీసుకెళ్ళాం. కళ్ళలో ఒత్తిడి పెరిగి, లోపలి నరం ఎప్పట్నుంచో మెల్లమెల్లగా చచ్చిపోతూ వచ్చిందట. చూపు పక్కల నుంచి తరుగుతూ వస్తుందట, రంగుల తేడా మసకబారుతుందట, నొప్పి ఉండదట, మనిషికి తనకే చాలాకాలం తెలియదట. పోయింది పోయినట్టే, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి అన్నాడు డాక్టరు. "కాస్త ముందు తీసుకురావాల్సింది" అని కూడా అన్నాడు. ఆయన ఆ మాట రోజూ ఎంతమందితో అంటాడో. మాకు మాత్రం అది లోపల గుచ్చుకుని ఉండిపోయింది.

ఎన్ని చూశాం! గ్లాసు నిండినా టీ పోస్తూనే ఉండేవాడు. గుమ్మం పక్క స్టూలుకి రోజూ మోకాలు కొట్టుకుని, "దీన్ని ఎవడ్రా జరిపింది" అని కేకలేసేవాడు. ఎవరూ జరపలేదు. పాప పక్క నుంచి పాకుతూ వస్తే ఉలిక్కిపడేవాడు. పాపని నవ్వించడానికే అనుకుని మేమూ నవ్వేవాళ్ళం. పాప ఒంటి మీద చిన్న దద్దురు కనిపిస్తే రాత్రంతా కూర్చునేదాన్ని, నాన్న గురించి ఒక్క పూటైనా బెంగ పెట్టుకోలేదు. నాన్న కదా, ఆయనకేం అవుతుందిలే అనుకున్నాను.

బయటికొచ్చాక అన్నయ్య మెట్ల మీద కూలబడ్డాడు. "గిరాకీ ముందు అరిచానే. నేర్పినవాడు ఇలా చెయ్యడు అన్నానే. అప్పుడే వెంటబెట్టుకుని రావాల్సింది." ఇంటికొస్తే మా ఆయనది ఇంకో పాట. "నేనే గొప్పకి పోయి ఇచ్చాను. ఆ పెట్టె మీ అన్నయ్యకే ఇచ్చుంటే ఆయన ఇలా అందరి ముందూ..." అని ఆపేశారు. వాళ్ళు చేసింది కోపంలోనో, ప్రేమతోనో. నేను నవ్వుతూ అన్నాను.

వ్యాను ఇప్పుడు బాగుంది. కొండెక్కినా ముల్లు మధ్యలోనే నిలబడుతుంది, డబ్బాలో నీళ్ళు గీత దగ్గరే ఉంటాయి. మా ఆయన ఆ మాట ఒక్కసారి కూడా సంతోషంగా చెప్పలేదు. షెడ్డుకి బళ్ళు వస్తూనే ఉన్నాయి. చెవి మేస్త్రి ఏడీ అని అడిగితే, "లోపలున్నాడు, విని చెబుతాడు" అంటాడట అన్నయ్య. నాన్న రెండు మూడుసార్లు విని చెప్పాడట. తరవాత వెళ్ళడం తగ్గించాడు. చెప్పి చెయ్యకుండా ఉండటం కన్నా ఇంట్లో ఉండటమే నయం అన్నాడట.

మొన్న సాయంత్రం పాపని చూడ్డానికి మా ఇంటికి వచ్చాడు. అన్నయ్య గుమ్మం దాకా దింపి వెళ్ళాడు. కంట్లో చుక్కలు వేసే వేళయితే నేనే వేశాను. కళ్ళు మూసుకుని గోడకి ఆనుకున్నాడు. పాప ఆయన ఒళ్ళోకెక్కి చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది.

"అమ్మడూ, ఆ రోజు పౌడరు మీద గీత పడిందన్నావే."

"ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది నాన్నా. నువ్వు ఆట ఆడుతున్నావనుకున్నాను."

"దానికేంలే. నువ్వు అనకపోతే బండి కొండ మీద ఆగేది. అందులో నువ్వూ పాపా ఉంటే?" కళ్ళు తెరవలేదు. "అడిగేది అది కాదు. ఏ రంగులో ఉంది ఆ గీత?"

"లేత రోజా రంగు నాన్నా."

"దీని గౌను లాగానా?"

పాప ఆ రోజు కూడా అదే గౌను వేసుకుని ఉంది.

"ఆఁ. అచ్చం అలాగే."

నాన్న చెయ్యి ఆ గౌను అంచు వెతుక్కుని పట్టుకుంది. ఆ రాగి వాషర్లని రుద్దినట్టే బొటనవేలితో నెమ్మదిగా రుద్దాడు.

"నేను ఇది తెల్లదనుకున్నానే" అన్నాడు. "దీనికి కుట్టించిన రోజు నుంచీ, తెల్లదే అనుకున్నాను."